ఇసుక కింది ఏరు

ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం గుండ్లకమ్మలో దిగితే కాళ్ళు తడవవు, కాలతాయి. మార్కాపురానికి కాస్త ఎడంగా ఒక ఊరి దాపున ఏటికి అడ్డంపడి నడిచాను. ఈ దరి నుంచి ఆ దరిదాకా ఇసుక, మధ్యమధ్య పొరలు పొరలుగా తేలిన పలకరాయి, ఎప్పటి వరదకో కొట్టుకొచ్చి ఎండిపోయిన తాటిమొద్దు. నీటి జాడ ఎక్కడా లేదు. అవతలి దరిన ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూచుని సిలవరి గిన్నెతో ఇసుక తోడిపోస్తున్నాడు. చుట్టూ మేకలు గుమిగూడి ఆయన చేతుల్నే చూస్తున్నాయి.

"ఏం తవ్వుతున్నారు పెద్దాయనా?"

"చెలమ సారూ. జీవాలు దప్పికతో ఉండాయి."

"ఈ ఎండలో నీళ్ళు పడతాయా?"

"యాడికి పోతాయి? మూరన్నర తియ్యాల, అంతే. మా నాయన కాలంలో జానెడు గీకితే ఊరేయి. అప్పుడు ఈ దరెమ్మట నేరేళ్ళు, మద్దిమాన్లు ఉండేయి. ఇప్పుడేముంది, అంతా చిల్లకంప."

కాసేపటికి గుంత అడుగున ఇసుక నల్లబడింది. ఆ తర్వాత మెరిసింది. ఆ మెరుపు గిన్నెడు నీళ్ళయ్యేదాకా మేకలు ఆగలేదు.

ఆయన చెప్పిన నాలుగు మాటల్లో మూడు సంగతులున్నాయి. ఏరు ఇసుక కింద ఉంది. అది ఏటికేడు లోతుకు దిగుతోంది. అది దిగుతున్న కొద్దీ దరిమీది చెట్లు మారిపోయాయి. ఈ అధ్యాయంలో నేను చేసేదల్లా ఆ మూడింటినీ విప్పి చెప్పడమే.

*

నది అంటే పారే నీళ్ళని మనకొక అలవాటు. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి మన పుస్తకాల్లోకి వచ్చిన అలవాటది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే పశ్చిమ ప్రకాశంలో ఏరు పైకి కనబడి పారేది కొన్ని వారాలే, అదీ విడతలు విడతలుగా. నైరుతిలో కొంత, అక్టోబరు నవంబరు తుఫాన్లకు కొంత. మిగతా కాలమంతా ఏరు ఇసుకలోకి దిగిపోయి అక్కడే నెమ్మదిగా నడుస్తుంది. ఈ సీమను ఎడారి అనలేం, మెట్ట సీమ అనాలి. కానీ ఎడారి నదుల గురించి శాస్త్రవేత్తలు కనిపెట్టిన సంగతుల్లో చాలా భాగం గుండ్లకమ్మకు అతికినట్టు సరిపోతాయి.

ముందు ఇసుక లెక్క చూద్దాం. రేణువుల మధ్య ఉండే ఖాళీ మొత్తం ఇసుకలో దాదాపు మూడో వంతు. అందులో కొంత నీరు రేణువులను అంటిపెట్టుకుని బయటికి రాదు కాబట్టి తోడితే దక్కేది నాలుగో వంతు అనుకుందాం. ఏరు వంద మీటర్ల వెడల్పు, ఇసుక మూడు మీటర్ల మందం ఉన్నచోట ఒక్క కిలోమీటరు పొడవులో మూడు లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉంటుంది. దాన్లో నాలుగో వంతంటే 75 వేల ఘనపు మీటర్లు, ఏడున్నర కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున పదివేల జనాభా ఉన్న ఊరికి నాలుగున్నర నెలలు సరిపోయే నీరు. సిమెంటు అక్కర్లేదు, గేటు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

పైగా ఈ తొట్టికి మూత ఉంది. చెరువులో నీటిని ఎండ నేరుగా తాగుతుంది. ఇసుకలో నీరు కాస్త కిందికి దిగగానే పైన ఎండిన ఇసుకే కప్పులా పనిచేస్తుంది. నమీబియా ఎడారిలో స్వాకోప్ అనే ఇసుక నది ఉంది. 1970ల మొదట్లో అక్కడి ఇసుకతో కొలతలు తీశారు. నీటిమట్టం రెండడుగుల కిందికి జారాక, ఆవిరయ్యే నీరు మామూలు నీటి ఉపరితలంతో పోలిస్తే దాదాపు పదో వంతుకు పడిపోయింది. మన ముసలాయన మూరన్నర లోతున నీళ్ళు పట్టుకున్నాడంటే ఆ మూత చాటున మిగిలినవే.

మురికి సంగతి కూడా ఇసుకే చూసుకుంటుంది. 1829లో లండన్‌లోని చెల్సీ నీటి కంపెనీ కోసం జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు థేమ్స్ నీటిని ఇసుక పొరల గుండా దింపి వడకట్టే ఏర్పాటు చేశాడు. నగరాల నీటి శుద్ధికి అది మైలురాయి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చెలమ తోడి మొదటి నీళ్ళు పారబోసి, తేటపడ్డాక కడవ నింపుకున్న మన అవ్వలకు ఏ పాఠ్యపుస్తకంలోనూ చోటు దొరకలేదు.

*

ఈ ఇసుక ఎక్కడిది? కంభం లోయకు పడమర నల్లమల, తూర్పున వెలిగొండ. లోయలో నీళ్ళు రెండు వైపులకు పోతాయి. గిద్దలూరు వైపు సగిలేరు దక్షిణంగా పారి కడప సీమలో పెన్నలో కలుస్తుంది. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి ఉత్తరం పట్టి, జంపలేరు, ఎనుమలేరు వంటి కొండవాగులను కలుపుకుని, కంభం చెరువులో ఆగి, మార్కాపురం సీమ దాటి, అద్దంకి మీదుగా ఒంగోలు దాపున సముద్రం చేరుతుంది. రెడ్డిరాజుల శాసనాల్లో దీని పేరు బ్రహ్మకుండి.

ఈ సీమ రాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. కొండల శిఖరాల్లో గట్టి క్వార్ట్‌జైటు, లోయలో మెత్తని షేలు, పలకరాయి. మనలో చాలామంది చిన్నప్పుడు అ ఆలు దిద్దిన పలక మార్కాపురం గనుల్లోంచి వచ్చిందే. పలకరాయి విరిగితే పలకలవుతుంది, అరిగితే బంకమట్టవుతుంది, ఇసుక మాత్రం కాదు. ఏటిలోని మంచి ఇసుకంతా కొండమీది క్వార్ట్‌జైటు వేల ఏళ్ళుగా అరగగా దిగివచ్చింది. అంటే ఇక్కడ ఇసుక వరి పంటలాంటిది కాదు, ఏటా పండదు. పాత ఆస్తి అది.

ఆ ఆస్తికి ఐదొందల ఏళ్ళ కిందటే ఒక అడ్డుకట్ట పడింది. కంభం దగ్గర రెండు కొండల సందులో 57 అడుగుల ఎత్తున కట్ట వేసి గుండ్లకమ్మను ఆపారు. విజయనగర రాజకుటుంబపు వరదరాజమ్మ కట్టించిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. దాదాపు పదకొండు వందల చదరపు కిలోమీటర్ల మీద పడ్డ వాన ఆ చెరువులోకి రావాలి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. గుర్తింపు న్యాయమైనదే. ఏటి వైపు నిలబడి చూస్తే మాత్రం ఇంకో సంగతి తోస్తుంది. ఎగువ నుంచి వచ్చే ఇసుక ఐదొందల ఏళ్ళుగా చెరువు మొదట్లోనే దిగబడిపోతోంది. దిగువన మార్కాపురం వైపు ఏటికి కొత్త ఇసుక చేరాలంటే పక్కవాగులే దిక్కు. లారీ ఒకటి ఏట్లో దిగి నింపుకుపోయిన ఇసుకను ఆ పక్కవాగులు ఎన్ని వానాకాలాలకు తిరిగి తెచ్చిపెడతాయో ఆలోచించండి. ఇసుక ధర ఎంతన్నది ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతుంది. క్వార్ట్‌జైటు అరిగే వేగం ఎవరు గెలిచినా మారదు.

*

ఇప్పుడు దరిమీదికి ఎక్కుదాం. బాగున్న ఏటిదరిని ఎప్పుడైనా చూసినవాళ్ళకు గుర్తుంటుంది, అక్కడ చెట్లు వరసలు కట్టి ఉంటాయి. నీటి మడుగుల్లో జమ్ము, తుంగ. తడి ఇసుకలో రెల్లు. దాని వెనక వావిలి పొదలు, అక్కడక్కడ మొగలి. గట్టు మీద కానుగ, నేరేడు, మేడి, ఏరుమద్ది. ఇంకా పైన ఈత, చింత, వేప. ఎవరూ నాటని ఈ వరసలను నిర్ణయించేది వేరు కింద నీరెంత లోతున ఉందన్నదే. ఏరుమద్దికి పేరులోనే ఏరుంది. కొండల్లో ఎక్కడ వాగు దాగుందో దూరం నుంచే తెలుసుకోవాలంటే తెల్లగా నునుపుగా మెరిసే మద్ది బోదెల్ని వెతికితే చాలు.

ఈ చెట్లకు గడియారం ఉంది. అదే నాకు అన్నింటికన్నా ఆశ్చర్యంగా తోచే సంగతి. నేరేడు పళ్ళు రాలేది జూన్, జూలైల్లో, సరిగ్గా ఏరు తొలిసారి తడిసే రోజుల్లో. నేరేడు గింజ వడ్లగింజలా గాదెలో దాచుకునేది కాదు. పండులోంచి బయటపడ్డాక రెండు మూడు వారాలు ఎండితే ప్రాణం పోతుంది. ఆ గడువులో తడి ఇసుక దొరకాలి. కానుగ కాయ తేలిక, వరదలో తేలిపోయి ఎక్కడో ఒడ్డు పడుతుంది. మద్దికాయకు అయిదు రెక్కలు. మేడి మాత్రం నీటిని నమ్ముకోదు, పిట్టల్నీ గబ్బిలాల్నీ నమ్ముకుంది. మొలిచాక అసలు పరుగు మొదలవుతుంది. వరద తీశాక ఇసుకలో నీరు కిందికి జారుతుంటే, లేత వేరు దాని వెనకే దిగాలి. నీరు రోజుకు వేలెడు జారితే వేరు అందుకోగలదు. జానెడు జారితే మొలక మాడిపోతుంది. దరిమీద నడివయసు చెట్లున్నా కొత్త మొలకలు లేవంటే ఆ పరుగులో వేరు ఓడిపోతోందని అర్థం. అలాంటి దరి పిల్లలు లేని ఊరిలాంటిది. చూడ్డానికి ఇళ్ళన్నీ ఉంటాయి, ఇంకో తరానికి ఖాళీ.

వేళ్ళు చేసే రెండో పని గట్టును పట్టుకోవడం. ఇసుకకు తనంతట జిగి లేదు. వావిలి, రెల్లు వేళ్ళ పీచు దాన్ని గోనెపట్టాలా అల్లి పట్టుకుంటుంది. వరద వచ్చినప్పుడు కాండాలు నీటి దూకుడును తగ్గిస్తాయి, దూకుడు తగ్గిన నీరు మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే దించుతుంది, ఆ ఒండ్రులో మరిన్ని గింజలు పడతాయి. నిటారుగా నిలిచిన గట్టు ఉంటేనే తేనెటీగల్ని పట్టి తినే పచ్చపిట్టలు అందులో సొరంగాలు తొలుచుకుంటాయి. నీటి మీదికి వంగిన కొమ్మ ఉంటేనే గిజిగాడు గూళ్ళు వేలాడదీస్తుంది. పామూ పిల్లీ అందుకోలేని చోటు కావాలి దానికి.

"చెట్లు నీళ్ళు తాగవా మరి?" అని ఏ రైతైనా అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. తాగుతాయి, బాగానే తాగుతాయి. అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఇంజనీర్లకు ఇదే అనుమానం వచ్చింది. న్యూ మెక్సికోలో పెకోస్ నది వెంట 1960ల చివర్లో వేల ఎకరాల నదీతీర పొదల్ని నరికించారు, నీరు మిగులుతుందని. నదిలో ప్రవాహం కొలవదగినంత పెరగనే లేదు. చెట్టు పోయిన చోట వేరే మొక్కలు లేచాయి, నీడ లేని నేల వేడెక్కి తనే ఆవిరి చేసింది. చెట్టు తాగే నీళ్ళు లెక్కకు కనబడతాయి. చెట్టు ఆపే వరద, దించే ఒండ్రు, ఇచ్చే నీడ ఏ లెక్కలోనూ కనబడవు కాబట్టి నిందంతా చెట్టు మీద పడుతుంది.

*

అసలు తాగింది ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. పాతకాలంలో ఎండాకాలాన గట్టు మీది పొలాల అడుగు నుంచి నీరు మెల్లగా ఏటిలోకి ఊరేది. బావుల్లో మట్టం ఏటికన్నా ఎత్తున ఉండేది కాబట్టి ఏరు పుచ్చుకునేది. బోర్లు వందల అడుగులకు దిగాక వాలు తిరగబడింది. ఇప్పుడు ఏరే పొలాల అడుగుకు కారిపోతోంది. పుచ్చుకునే ఏరు ఇచ్చే ఏరయింది, తన దగ్గర లేనిది కూడా ఇవ్వవలసిన స్థితిలో.

దీనికి ఇంకో మూల్యం ఉంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం సీమల్లో ఫ్లోరైడు పేరు తెలియని ఇల్లు లేదు. గార పట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ఫ్లోరైడు రాతిలోంచి వస్తుంది. నీరు రాతి పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం నిలవుంటే అంత ఎక్కువగా కరిగించుకుంటుంది. లోతు బోరులోది ముసలి నీరు, ఇసుకలోది నిన్నమొన్నటి వాన. అందుకే సాధారణంగా చెలమ నీటిలో ఫ్లోరైడు తక్కువ. ఇసుక తరలించి, బోరు దించి, ఆ తర్వాత ఫ్లోరైడు తీసేసే యంత్రం కొనుక్కుని, దానికో షెడ్డు కట్టి రిబ్బను కత్తిరించుకున్నాం.

ఏటిదరి రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు. దాన్ని ఎవరికీ పట్టా చేయకూడదు. ఇసుక తవ్వకానికి, బోర్ల మధ్య ఎడానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఆ కాగితాల బలమెంతో చూడాలంటే వాగు వెంట నడుస్తూ ఏ పొలంగట్టు ఎంత ముందుకు జరిగిందో చూస్తే సరి. నాగలి ఏడాదికో చాలు చొప్పున వాగులోకి దిగుతుంది. మొదట పోయేది వావిలి పొద, ఆ తర్వాత గట్టు.

*

ఇక చిల్లకంప. కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు, నిజంగానే సర్కారు తెచ్చిన చెట్టు అది. 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర వలయపు అటవీ సంరక్షకుడు బెడ్డోమ్ వంటచెరకు కొరతకు విరుగుడుగా జమైకా నుంచి గింజలు తెప్పించాడు. వాటిని మొదట చల్లింది మన పొరుగు కడప జిల్లా కమలాపురంలో. అప్పటికి మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలోవి. ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు. బెడ్డోమ్ మామూలు అధికారి కాదు, దక్షిణాది మొక్కల్ని ఎంతో ప్రేమగా బొమ్మలతో సహా నమోదు చేసిన శాస్త్రజ్ఞుడు. ఆయన చేతిమీదుగానే ఇది రావడం చూస్తే, ఎంత తెలిసినవాళ్ళకైనా ఒక విత్తనం వందేళ్ళ తర్వాత ఏం చేస్తుందో తెలియదనిపిస్తుంది.

దీని ఉపాయాలు చూడండి. కాయ తియ్యన, మేకలు ఎగబడి తింటాయి. గింజ అరగదు, పైగా కడుపులో పెంకు మెత్తబడి పేడతోపాటు ఎరువుతో సహా నాటుకుంటుంది. నరికితే నేల కిందున్న మొగ్గల నుంచి ఒకటికి పది కొమ్మలు లేస్తాయి. రాలిన ఆకులు పక్క మొక్కల్ని మొలవనీయవు. వేరు సంగతైతే చెప్పనక్కర్లేదు. 1960ల మొదట్లో అరిజోనాలోని టూసాన్ దగ్గర ఒక గని తవ్వుతుంటే దీని దాయాది చెట్టు వేరు 53 మీటర్ల లోతున బయటపడింది. ఏటి నీరు దిగుతుంటే మద్ది అందుకోలేక ఎండుతుంది, నేరేడు మొలక మాడుతుంది, చిల్లకంప మాత్రం హాయిగా వెంబడిస్తుంది. కాబట్టి అది మన ఏటిదరిని జయించిందనేకన్నా, మనం ఖాళీ చేసిచ్చిన ఇంట్లోకి దిగిందనడం సబబు.

అరిజోనాలో సాన్ పెడ్రో అనే ఎడారి నది ఉంది. అక్కడ ఈ చెట్టు దాయాదులే నది ఒడ్డున గౌరవనీయులు. వాటి తోపుల్ని కాపాడమని అక్కడి పర్యావరణవాదులు పోరాడతారు. వాళ్ళ బాధ మన ఆసియా నుంచి వెళ్ళిన టామరిస్క్ అనే పొదతో. దాన్ని తినే పురుగును ఆసియా నుంచే తీసుకెళ్ళి 2001లో వదిలారు. పురుగు బాగానే పనిచేసింది. ఈలోగా తేలిందేమంటే, సొంత చెట్లు కరువైన చోట అంతరించిపోతున్న ఒక చిన్న ఈగపిట్ట ఆ పరాయి పొదలోనే గూళ్ళు పెట్టుకుంటోంది. పొద ఎండి గూడు ఎండకు బయటపడింది. 2010లో అధికారులు పురుగును వదలడం ఆపేశారు.

అందుకే జేసీబీ పెట్టి ఏటిదరి మొత్తం చిల్లకంప పీకించి ఫోటో దిగే పథకాలంటే నాకు భయం. ఆ గట్టును ఇవాళ పట్టుకుని ఉన్నది ఆ వేరే. పీకిన ఏడాదే తుఫాను వస్తే గట్టంతా ఏట్లో ఉంటుంది. పైగా బొగ్గు కాల్చుకుని బతికే కుటుంబాలు, దాన్నే పొయ్యిలో పెట్టే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

*

మరి ఏం చేయాలి? మేకలతో మొదలుపెడదాం, అది తేలిగ్గా అనిపిస్తుంది కాబట్టి. సాన్ పెడ్రో వెంట దాదాపు 40 మైళ్ళ మేర అమెరికా ప్రభుత్వం 1988లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అంతకు కొద్దిముందే పశువుల్ని బయటికి పంపింది. నాలుగైదేళ్ళలో కింది పొదలు, గడ్డి విపరీతంగా పెరిగాయి. లెక్కించిన 61 జాతుల పిట్టల్లో 42 జాతుల సంఖ్య పెరిగింది. ఒక్క మొక్క నాటకుండానే ఇదంతా జరిగింది. ఏరు తానే తిరిగొస్తుంది, మనం కాస్త పక్కకు తప్పుకుంటే.

కానీ అరిజోనాలో పశువులు గుత్తేదారులవి. ఇక్కడ మేక అంటే కరువులో కూతురి ఫీజు. చెలమ తవ్విన పెద్దాయనకు కంచె చూపించి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. దారి మనకు దగ్గర్లోనే ఉంది. అనంతపురం సీమలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడుగా ముష్టికోవిల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు 1990ల నుంచి కల్పవల్లి అనే బంజరు గుట్టల్ని కాపాడుకున్నారు. అది మార్కాపురం కన్నా కరువు ప్రాంతం. నిప్పు పడకుండా చూశారు, నరకడం ఆపారు, మేతను కట్టడిలో పెట్టుకున్నారు. గడ్డి తిరిగి వచ్చింది, వాగుల వెంట ఈతలు లేచాయి. ఆ ఈత ఆకే చాపలకు, చీపుళ్ళకు ఆదాయమైంది. తర్వాత గాలిమరల కోసం గుట్టల మీద రోడ్లు వేయడంతో దెబ్బ తగిలిందనుకోండి, అది వేరే కథ. అక్కడ తేలిన కిటుకు ఒక్కటే. దరినంతా ఒకేసారి మూయకుండా ఒక తునక రెండు మూడేళ్ళు వదలాలి, మిగతాది మేపుకోవాలి. మొక్క మేక మూతికి అందనంత ఎత్తయ్యాక ఇంకో తునకకు మారాలి.

నాటడానికి ఏరు నేర్పిన వరసనే పాటించాలి. ముందు రెల్లు, తుంగ. దుబ్బులు తవ్వితెచ్చి తడి ఇసుకలో పెడితే చాలు. వాటి వెనక వావిలి కొమ్మలు, మేడి కొమ్మలు. ఎడారి నదుల పునరుద్ధరణలో బాగా పనికొచ్చిన పద్ధతి ఇక్కడే ఉంది. చిన్న మొక్కను పైపైన నాటి ట్యాంకరుతో తడిపే బదులు, నిలువెత్తు కొమ్మను కోసి, దాని మొదలు నీటిమట్టాన్ని తాకేంత లోతుగా దించుతారు. అది అక్కడే వేరు తన్నుతుంది. వేసవిలో ఎవరూ నీళ్ళు పోయనక్కర్లేదు. నేరేడును నర్సరీ సంచుల కన్నా రాలిన వారంలోపు నేరుగా తడి ఒండ్రులో గుచ్చడం మేలు. గింజలు డిసెంబరులో టెండరు పిలిచి కొంటే వచ్చేవి పెంకులే.

మరి చిల్లకంప? తునకలు తునకలుగా, వరదకాలం వెళ్ళాక, కాండాన్ని నేలకు అడుగు లోతున వేరు మొదలుతో సహా తీయాలి. తీసిన కంప పారేయనక్కర్లేదు. మన రైతు తరతరాలుగా చేసే కంచె కంపకంచె. దాని ముళ్ళనే కొత్త నేరేడు మొక్క చుట్టూ వేస్తే ఏ మేకా దరిచేరదు. మూడేళ్ళకు కంప చివికి మట్టవుతుంది, అప్పటికి మొక్క మనిషెత్తు ఉంటుంది. పరాయి చెట్టు చేత కాపలా కాయించుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఇవన్నీ చేసినా నీరు కిందికి జారుతూనే ఉంటే దండగే. ఏటికి ఆనుకుని బోరు మీద బోరు దిగుతుంటే పైన ఎన్ని వావిళ్ళు గుచ్చినా అవి చిల్లకంపకు చోటు కాపాడుతున్నట్టే. చెక్‌డ్యాములు కొంత సాయం. అయితే కట్ట పైభాగాన ఒండ్రు పేరుకుని, పక్కగట్టు కోసుకుపోయి ఏరు దారి మార్చుకున్న చెక్‌డ్యాములు ఏ మండలంలో చూసినా ఉంటాయి. గట్టుకు వేరు లేనిచోట సిమెంటు ఒంటరి.

నీటిని వదిలే సమయం కూడా లెక్కే. 2014లో అమెరికా, మెక్సికో కలిసి ఎండిపోయిన కొలరాడో నది డెల్టాలోకి మార్చి 23 నుంచి మే 18 వరకు నీరు వదిలాయి. మన లెక్కలో నాలుగున్నర టీఎంసీలు. అది నదికి ఏటా వచ్చే నీటితో పోలిస్తే చెంచాడు. ఆ నీటిని స్థానిక చెట్ల గింజలు రాలే వేళకు కుదిర్చి, ముందు జోరుగా వదిలి, తర్వాత మెల్లమెల్లగా తగ్గించారు, లేత వేళ్ళు అందుకోగలిగేలా. సిద్ధం చేసిన చోట్ల మొలకలు బారులు తీరాయి.

వెలిగొండ ప్రాజెక్టు గురించి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుకొస్తుంది. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల అడుగున దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల గుండా 43.5 టీఎంసీల కృష్ణా నీరు తేవాలి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల సందుల్లో ఆనకట్టలు కట్టి నల్లమల సాగర్‌లో నింపాలి, నాలుగున్నర లక్షల ఎకరాలు తడపాలి. మూడు జిల్లాల ప్రజలు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నీళ్ళివి, ఆ ఎదురుచూపును తక్కువ చేయను. నా ఆశ చిన్నది. ఆ నలభై మూడున్నరలో ఒక చెంచాడు, నేరేళ్ళు రాలే జూలైలో, గుండ్లకమ్మ ఇసుకకు వదలడం సాధ్యమేనేమో ఎవరైనా లెక్క వేస్తే బాగుండును. కాలువ నీరు వచ్చాక ఏటిని పూర్తిగా మరిచిపోవడం కూడా సాధ్యమే. గుండ్లకమ్మ పేరు ఇటీవల పత్రికల మొదటి పేజీకి ఎక్కింది దిగువన మల్లవరం రిజర్వాయరు గేట్లు కొట్టుకుపోయినప్పుడే, 2022 ఆగస్టులో ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నా ముందు నీరెంత లోతున ఉందో తెలియాలి. దానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ఏటి ఇసుకలో ఒక చిల్లుల పైపు నిలువునా దించి, మూత పెట్టి, ప్రతి అమావాస్యకు తాడుకు రాయి కట్టి కొలిస్తే చాలు. బడిపిల్లలు చేయగల పని. పన్నెండు అంకెలు ఒక పలక మీద పడతాయి, పలకకు మార్కాపురంలో కొదవ లేదు. ఆ పన్నెండిట్లో మే నెల అంకెను బట్టి వావిలి కొమ్మ ఎంత పొడుగు కోయాలో తెలుస్తుంది.

ఆ రోజు మేకలు తాగేశాక పెద్దాయన చెలమలోకి చెయ్యి పెట్టి ముంజేతి మీద తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకున్నాడు.

"పోయిన వారం ఇక్కడిదాకా వచ్చేది సారూ," అని మోచేతి కింద ఒక పాత మచ్చ చూపించాడు. ఈసారి తడి దానికి రెండు వేళ్ళ కింద ఆగింది.

ఆయన గుంత చుట్టూ రెండు కంపకొమ్మలు గుచ్చి లేచాడు, పొద్దున వచ్చేటప్పటికి పూడిపోకుండా.